పాలు పొంగినను పోని మలినము

ఉదయము పాలు ఇంటికి రాగానే గృహిణి చేయు మొదటి పని వానిని పొయ్యిమీద పెట్టుట. పొంగు వచ్చువరకు అక్కడనే నిలిచి, పొంగగానే దించి మూతపెట్టి, ఇక ఈ పాలకు భయము లేదని ఆమె తన పనిలో పడును. ఆ ధైర్యమునకు ఆధారము లేకపోలేదు. క్షయ, టైఫాయిడు మొదలైన వ్యాధుల సూక్ష్మజీవులు ఆ వేడికి నిలువవు. పాలకేంద్రములలో పాశ్చరు పద్ధతి ననుసరించి పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో 15 సెకండ్లు ఉంచి చల్లార్చుదురు. మన ఇంటి పొంగు అంతకంటె వేడియైనది.

అయితే ఆ పొంగునకు లొంగని మలినము ఒకటి ఉన్నది. సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ అను పాషాణము, మితిమీరిన రాగి పాలలో చేరినచో ఎంత కాచినను తొలగిపోజాలవు. ప్రాణము లేనిదానిని వేడి చంపలేదు గదా! పైగా కాచినకొద్దీ నీరు ఆవిరియై పోవును. లోహము గిన్నెలోనే మిగులును. ఒక లీటరు పాలను మరగించి 200 గ్రాముల కోవా చేసితిమనుకొందము. లీటరు పాలలో ఉన్న సీసమంతయు ఇప్పుడా 200 గ్రాములలో ఉన్నది. అనగా అది సుమారు అయిదురెట్లు చిక్కనైనది. పాలపొడిలో ఇంతకంటెను చిక్కన. కాని పాలపొడిని మరల నీటిలో కలిపి త్రాగుదుము కనుక అది పలుచనగును. కోవాబిళ్లను నీటిలో కలుపుకొని తినువారెవరును లేరు.

ఈ లోహములు పాలలోనికి ఏ దారిన వచ్చునో, వానిని ఎక్కడ అడ్డగింపవచ్చునో తెలిసికొనుట ప్రతి ఇంటికిని అవసరము.

శ్రీహరికోటవంటి చోట ఈ మాట ఎత్తినచో వినువారి చూపు సహజముగా ఆకాశమువైపు తిరుగును. ఒక ప్రక్క పులికాటు సరస్సు, మరియొక ప్రక్క బంగాళాఖాతము, నడుమ ఇసుకనేల, ఇదియే దీవి. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచ్చటినుండి లేచినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇచ్చటినుండియే చంద్రునివైపు సాగినది. ఇన్ని రాకెట్ల పొగ పడిన నేలమీది గడ్డిని మేసిన ఆవుపాలు త్రాగవచ్చునా అను సందేహము కలుగుట వింత కాదు. రాకెట్టులోని ఘన ఇంధనమున ముఖ్యమైన దినుసులు అల్యూమినియము పొడి, అమ్మోనియము పెర్‌క్లోరేటు, వానిని పట్టియుంచు రబ్బరువంటి పదార్థము. అవి మండినపుడు వచ్చు తెల్లని పొగలో ప్రధానముగా అల్యూమినియము ఆక్సైడు, హైడ్రోక్లోరికామ్లము ఉండును. అల్యూమినియము తేలిక లోహము. మనము భయపడవలసిన సీసము, కాడ్మియము ఆ దినుసులలోనివి కావు. ఆ పొగను గూర్చి వేరు ప్రశ్నలు ఉండవచ్చును గాని, అవి వేరొక ప్రసంగమునకు తగినవి.

ప్రసక్తి వచ్చినది కనుక ఒక మాట. రాకెట్టు కేంద్రముకొరకు దీవిలోని ఊళ్లను ఖాళీ చేయించినపుడు అక్కడ మిగిలిపోయిన పశువుల సంతతి అడవిపశువులై పెరిగినది. వాని పాలు వాని దూడలకే గాని మనుష్యులకు అందవు. మనము త్రాగునవి పల్లెలలోని పాడిపశువుల పాలు, ప్యాకెట్లలో వచ్చు పాలు. కనుక లోహమును వెదుకవలసిన చోట్లు చాలవరకు నేలమీదనే, చేతికందు దూరములోనే ఉన్నవి: పశువు మేయు గడ్డి, త్రాగు నీరు, నాలుకతో నాకు వస్తువు, పాలు పిండు చెంబు, మోయు క్యాను, కాచు గిన్నె, తోడు పెట్టు పాత్ర.

భారలోహములని శాస్త్రజ్ఞులు పిలుచు జాతిలో మనకు మేలు చేయునవియు ఉన్నవి. ఇనుము లేనిదే రక్తమునకు ఎఱుపు లేదు. జింకు, రాగి అత్యల్పముగానైనను దేహమునకు కావలెను. సీసమునకు, కాడ్మియమునకు, పాదరసమునకు మాత్రము మన దేహములో ఏ ఉద్యోగమును లేదు. ఆర్సెనిక్ అచ్చమైన లోహము కాకపోయినను, చేయు హానినిబట్టి దానిని వీనితోనే లెక్కింతురు.

వీనిలో సీసము బహురూపి. దేహము దానిని కాల్షియమని భ్రమపడును. ప్రేగులలో కాల్షియము పోవు దారినే లోనికి పోవును. ఎముకలలో కాల్షియము ఉండవలసిన చోట కూర్చుండును. అక్కడ దశాబ్దములతరబడి నిలిచియుండును. పసివాని ప్రేగులు పెద్దవానికంటె నాలుగైదురెట్లు అధికముగా సీసమును పీల్చుకొనును. మెదడు పెరుగు వయస్సులో అది చేరినచో బుద్ధి మందగించును, చదువున నిలకడ తగ్గును. ఇంతవరకు ఉన్నను హాని లేదని చెప్పదగిన మట్టము సీసమునకు ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చెప్పుచున్నారు. పాలు ఎక్కువగా త్రాగునది పసివాడే. ఇదియే ఈ విషయమునందలి భయము.

మన దేశములో పాలలోని సీసమునకు విధించిన మేర కిలోకు 0.02 మిల్లీగ్రాము. అనగా అయిదుకోట్ల పాళ్లలో ఒక పాలు. నాలుకకు అది తెలియదు, కంటికి కనబడదు, లాక్టోమీటరుకు అందదు. సీసాలో పోసిన పాలలో సీసముండునా అని ఒక బాలుడు అడుగవచ్చును. సీసాకును సీసమునకును పేరులోనే పోలిక. గాజుసీసా నిజమునకు పాలకు మంచి పాత్రయే.

ఇక పశువు సంగతి. ఆవు గాని గేదె గాని సీసమున్న మేత తిన్నదనుకొందము. అందులో చాలభాగము పేడలో పోవును. లోనికి చేరినది రక్తమునుండి కాలేయమునకు, మూత్రపిండములకు, ఎముకలకు పోవును. పొదుగుదాక వచ్చి పాలలో దిగునది తిన్నదానిలో నూటికొక పాలు కూడ ఉండదు. కాడ్మియము ఇంకను తక్కువగా దిగును; అది మూత్రపిండములలోనే నిలిచిపోవును. ఒక విధముగా పశువు తన దేహమును జల్లెడ చేసి మన పిల్లలను కాపాడుచున్నది. కాని ఆ జల్లెడకును ఒక మితి ఉన్నది. మేతలో విషము మెండుగా ఉన్నచో నూటికొక పాలైనను చిన్నది కాదు. మరియు ఈనిన పశువు పాలకొరకు తన ఎముకలలోని కాల్షియమును కరగించి ఇచ్చును. ఆ కాల్షియముతోపాటు ఏనాడో దాగిన సీసము కూడ కరగి పాలలోనికి వచ్చును. మనుష్యస్త్రీల విషయమునను ఇట్లే జరుగును. అందుచేత తల్లిపాలు మానవలసిన పని లేదు. తల్లి మేలైన కాల్షియము, ఇనుము గల ఆహారము తీసికొన్నచో దేహము సీసమును పీల్చుకొనుట తగ్గును.

పశువులకు సీసము చేరు దారులలో మిక్కిలి ఘోరమైనది పాత బ్యాటరీ. ట్రాక్టరుదో, మోటారు పంపుదో పనికిరాని బ్యాటరీని పగులగొట్టి దొడ్డిమూల పారవేయుదురు. దాని పలకలమీది సీసపు లవణములు నాలుకకు రుచిగా ఉండును. సీసపు అసిటేటునకు సీసపు చక్కెర అని పూర్వమునుండి పేరే కలదు. ఉప్పునకు, ఖనిజములకు వాచియున్న పశువు కనబడిన వస్తువునెల్ల నాకును. ఎముకలు కూడ నమలును. ఆ పశువు పాత బ్యాటరీ పలకలను వదలునా? రెండు మూడు దినములలో చూపు మందగించి, పండ్లు కొరుకుచు, తల తీసికొనిపోయి గోడకు ఆనించి నిలుచును. రైతు పిచ్చికుక్క కరచినదనుకొనును. పశువు చచ్చినచో నష్టము ఒకరిది. తట్టుకొని బ్రతికినచో దాని పాలు ఇంకను కొంతకాలము ఊరిలోనికి పోవుచునే ఉండును.

రోడ్డుప్రక్క గడ్డి సంగతి ఇప్పుడు కొంత నయము. పెట్రోలులో సీసము కలుపు ఆచారము మన దేశములో 2000 సంవత్సరముతో ముగిసినది. అంతకుముందు మదరాసు–కలకత్తా రహదారివంటి పెద్ద రోడ్ల ప్రక్కలనున్న గడ్డిమీద మోటారుబండ్ల పొగలోని సీసము పొడివలె పడుచుండెడిది. కాని సీసము కుళ్లదు, కరగదు. పడిన మట్టిలోనే చాలవరకు నిలిచియుండును. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు రహదారి వెంబడి పశువులను మేపువారు పొలములోపలికి తోలుకొనిపోవుట మేలు.

గడ్డి మాట వచ్చినపుడు హైదరాబాదులోని మూసీనది ప్రస్తావన తప్పదు. నగరపు మురుగునీరంతయు మోసికొనిపోవు ఆ నది దిగువన, అంబరుపేట దాటిన తరువాత, వందలాది ఎకరములలో పారాగడ్డి పెంచుదురు. మురుగులోని సత్తువకు అది ఏపుగా పెరుగును; ఏడాది పొడుగునను కోతకు వచ్చును. తెల్లవారుజామున మోపులు కట్టి నగరములోని గేదెల దొడ్లకు తరలింతురు. ఆ గేదెల పాలు మరల నగరవాసులకే వచ్చును. నగరము తాను విడిచినదానిని చుట్టు తిప్పి తానే త్రాగుచున్నదన్నమాట! ఆ మురుగులో ఇండ్లనుండి వచ్చునదే గాక, చిన్న చిన్న కర్మాగారములనుండి, పూతపనుల దుకాణములనుండి వచ్చు లోహములును ఉండును. హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఈ నేలను, గడ్డిని, పశువుల పాలను, ఆకుకూరలను, అక్కడి మనుష్యుల రక్తమును మూత్రమును పరీక్షించి 2008లో తమ ఫలితములు ప్రకటించిరి. జింకు, క్రోమియము, సీసము మట్టినుండి మొక్కకు, మొక్కనుండి ప్రాణికి ఎక్కివచ్చుచున్నట్లు వారు కనుగొనిరి. పాలకంటెను పాలకూర, తోటకూర ఎక్కువ హానికరములని వారి లెక్కలో తేలినది. పైన చెప్పిన జల్లెడయే దీనికి కారణమని నేననుకొందును: ఆకుకూరకును మనకును నడుమ ఏ గేదెయు లేదు.

ఏలూరు సంగతి వేరు. 2020 డిసెంబరు మొదటి వారములో ఆ పట్టణములో ఉన్నట్టుండి జనము మూర్ఛపోసాగిరి. కొన్ని నిమిషములు ఫిట్లు, తరువాత మరపు, తలనొప్పి, వాంతులు. పిల్లలు, పెద్దలు అను భేదము లేదు. కొద్ది దినములలో ఆసుపత్రికి వచ్చినవారు ఆరువందలు దాటిరి. అత్యధికులు త్వరగానే కోలుకొనిరి. ఢిల్లీలోని ఎయిమ్స్ వారు రోగుల రక్తమును పరీక్షించి అందులో సీసము, నికెలు ఉన్నవనిరి. దానితో పాలు, నీరు, కూరగాయలు అన్నియు పరీక్షకు పోయినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పురుగుమందుల అవశేషములను కనుగొనిరి. నిపుణుల మొగ్గు చివరకు పురుగుమందులవైపే ఎక్కువైనది. ఈ ఉదంతమునందు నాకు ముఖ్యముగా తోచునది మరియొకటి. రక్తములో సీసమున్నదని చెప్పుట సులభము. అది ఈ వారము వచ్చినదా, పదేండ్లనుండి ఉన్నదా అని చెప్పుట కష్టము. మామూలు రోజులలో ఒక ఊరి పాలలో ఎంత, నీటిలో ఎంత, పిల్లల రక్తములో ఎంత అని ముందుగా కొలిచి వ్రాసియుంచిన లెక్క ఉన్నచో, ఆపద వచ్చినపుడు పాలను అనుమానింపవలెనో, విడిచిపెట్టవలెనో వెంటనే తెలియును.

ఇంతవరకు చెప్పినది పశువు వెలుపలినుండి తెచ్చునది. ఇప్పుడు మనమే చేజేతుల కలుపునది చెప్పవలసి ఉన్నది.

1950, 60 సంవత్సరముల తెలుగు పత్రికలు తిరుగవేసినవారికి పసిపిల్లల లివరు జబ్బు మందుల ప్రకటనలు కనబడకపోవు. మదరాసులోని జమ్మి వేంకటరమణయ్యగారి లివర్ క్యూరు పేరు వినని తెలుగు ఇల్లు ఆ రోజులలో అరుదు. అంతటి ప్రచారమునకు కారణము అంతటి దుఃఖము. ఏడాది, రెండేండ్ల బిడ్డ మొదట చిరచిరలాడును, పొట్ట ఉబ్బును, కుడిప్రక్క డొక్కక్రింద కాలేయము రాయివలె చేతికి తగులును, కామెర్లు వచ్చును, కొన్ని నెలలలో బిడ్డ దక్కదు. ఒకే తల్లికి ఒకరి తరువాత ఒకరు ఈ విధముగా పోయిన కుటుంబములున్నవి. వంశదోషమనిరి, గ్రహదోషమనిరి, తల్లిపాల దోషమని కూడ అనిరి. వైద్యులు దీనికి భారతీయ బాల్య సిరోసిస్ అని పేరు పెట్టిరి. ఇతర దేశములలో అంతగా కనబడకపోవుటచే అట్లు పిలిచిరి.

చనిపోయిన బిడ్డల కాలేయములలో రాగి అపారముగా ఉన్నట్లు తరువాత కనుగొనిరి. అంత రాగి ఎక్కడిది? పూనాలోని వైద్యులు, ఇంగ్లండునుండి వచ్చిన టానర్ అను వైద్యుడు కలిసి ఇల్లిల్లు తిరిగి విచారించి, 1983లో తమ అభిప్రాయమును ప్రకటించిరి. జబ్బు పడిన పిల్లలకు చాలమందికి చిన్ననాటనే ఆవుపాలు, గేదెపాలు అలవాటు చేసియుండిరి. ఆ పాలు కాచినదియు, నిలువయుంచినదియు ఇత్తడి, రాగి పాత్రలలో. ఇత్తడి అనగా రాగి, జింకు కలిసిన లోహము. అదే పాత్రలో నీరు పోసియుంచినచో నీటిలోనికి రాగి కొంచెమే దిగును. పాలు అట్లు కాదు. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు రాగిని అయస్కాంతము ఇనుమును లాగినట్లు లాగుకొని పట్టుకొనును. మట్టికుండలో, దాలిమీద పాలు కాచుకొన్న బీదయింటి బిడ్డకంటె, ఇత్తడి తపేల కొనగలిగిన మధ్యతరగతి ఇంటి బిడ్డకు ఈ ఆపద ఎక్కువగా వచ్చినదను మాట ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది.

ఇది మన దేశపు దోషమే అనుటకును వీలులేకపోయినది. ఆస్ట్రియా దేశములోని టిరోల్ కొండసీమలో 1900 మొదలు 1974 వరకు 138 మంది పసిపిల్లలు సరిగా ఇటువంటి కాలేయరోగముతో మరణించినట్లు 1996లో వెల్లడియైనది. అక్కడను కళాయి లేని రాగిపాత్రలలో ఆవుపాలు కాచి పిల్లలకు పోసిరి. పాత్రలు మారినవి, జబ్బు మాయమైనది. మన దేశములోను స్టెయిన్‌లెస్ స్టీలు వంటింటిని ఆక్రమించిన తరువాత ఈ జబ్బు క్రమముగా కనుమరుగైనది. రాగి ఒక్కటే కారణమా, పుట్టుకతో వచ్చిన బలహీనత కూడ తోడైనదా అని వైద్యులలో చర్చ కలదు. ఒకే పాత్రలోని పాలు త్రాగిన పిల్లలందరు జబ్బుపడలేదు కనుక ఆ చర్చ సహేతుకమే. కాని పాత్ర మారినచోట రోగము మారిన సంగతి మాత్రము కాదనరానిది.

మన పెద్దలకు ఈ ప్రమాదము బొత్తిగా తెలియదనుట సరికాదు. ఇత్తడిలో పెరుగు కిలుమెక్కునని, పులుసు విషమగునని వారెరుగుదురు. అందుకే కళాయి వేయించిరి. కళాయివాడు వీధిలో గుంట త్రవ్వి, తోలుతిత్తితో నిప్పు ఊది, గిన్నెను కాల్చి, నవసాగరము చల్లి, తగరపు కడ్డీ తాకించి, గుడ్డతో ఒక్క త్రిప్పు త్రిప్పగానే లోపలిభాగమంతయు వెండివలె మెరసెడిది. అచ్చమైన తగరము పాలకు హాని చేయదు. కాని తగరము ప్రియము, సీసము చవుక. తగరములో సీసము కలిపినను మెరుపు తగ్గదు. చూచినవారికి భేదము తెలియదు. అంతట రాగిని తప్పించుకొనబోయి సీసమును ఇంటికి తెచ్చుకొన్నట్లగును. చారు కాచు సత్తుచెంబు విషయమునను ఇదే జాగ్రత్త కావలెను. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో అరవదేశపు పొరుగు చేత ఆ చెంబు చాల ఇండ్లలో ఉన్నది. కళాయి అరిగి లోపల పచ్చగా ఇత్తడి కనబడుచున్న పాత్ర మాత్రము పాలకు ఎంతమాత్రము తగదు.

పాలకంటె పెరుగునకు జాగ్రత్త ఎక్కువ కావలెను. పాలలో పులుపు స్వల్పము. పెరుగు, మజ్జిగలలో అధికము. పులుపు లోహమును కరగించును. అందుచేత తోడు పెట్టుటకు స్టీలు, గాజు, పింగాణి, పూతలేని మట్టిముంత మంచివి. మట్టిపాత్రలకు లోపల నిగనిగలాడు పూత ఉన్నచో ఆ పూతలో సీసముండవచ్చునని గుర్తుంచుకొనవలెను. తుక్కు కరగించి పోతపోసిన చవుక అల్యూమినియము పాత్రలలోను ఈ దోషము కనబడుచున్నది. మన దేశమునుండి అమెరికాకు దిగుమతియైన కొన్ని ఇత్తడి, అల్యూమినియము, హిండాలియము పాత్రలనుండి ఆహారములోనికి సీసము దిగుచున్నదని 2025లో అక్కడి ఆహార, ఔషధ శాఖ వారు హెచ్చరిక చేసిరి. ఇక్కడినుండి పెట్టెలో పెట్టి కూతురికి పంపిన కడాయి అక్కడ పరీక్షకు నిలువకపోవుట మనకు చిన్నతనము. అదే దుకాణములో కొన్న మరియొక కడాయి మన పొయ్యిమీద ఉన్నదను సంగతి అంతకంటె ఆలోచింపవలసినది.

జలుబు చేసిన బిడ్డకు పసుపుపాలు ఇచ్చు ఇండ్లకు ఒక మాట. పసుపుకొమ్ములకు నిగారింపు రావలెనని కొందరు వర్తకులు సీసపు క్రోమేటు అను పచ్చని రంగు పట్టింతురు. బంగ్లాదేశములో గర్భిణీల రక్తములోని సీసమునకు ఈ పసుపు ముఖ్యకారణమని 2019లో తేలినది. పాలు మంచివే, పాత్ర మంచిదే. చిటికెడు పసుపు చెరుపు చేసినది! నమ్మకమైన చోట కొమ్ములు కొని ఇంటిలో దంచుకొనుట మన తల్లుల పద్ధతి. అది చెడ్డ పద్ధతి కాదు.

కర్మాగారములో తయారైన పాలు పూర్తిగా మన చేతిలో లేని విషయము. అక్కడ ఒక్క పొరపాటు ఎంతమందిని చుట్టుకొనునో జపాను దేశము 1955 వేసవిలో చూచినది. పడమటి జపానులో పాలపొడి త్రాగు శిశువులకు జ్వరము, విరేచనములు, చర్మము నల్లబారుట కనబడినవి. ఒకాయామా విశ్వవిద్యాలయ వైద్యులు పరిశోధింపగా మొరినాగా సంస్థవారి పాలపొడిలో ఆర్సెనిక్ ఉన్నట్లు తేలినది. పాలు విరుగకుండుటకై కలుపు సోడియము ఫాస్ఫేటును, ఆహారమునకు తగిన శుద్ధి లేని సరుకుగా కొని తోకుషిమా కర్మాగారములో వాడిరి. అది అల్యూమినియము తయారీలో ఉపఫలముగా వచ్చిన పదార్థము. అందులో ఆర్సెనిక్ ఉన్నది. 1956 నాటి లెక్క ప్రకారము 12,000కు పైగా శిశువులు జబ్బుపడిరి, 130 మంది మరణించిరి. బ్రతికినవారిలో పలువురికి జీవితకాలపు వైకల్యము మిగిలినది. ఆవులలో గాని, గడ్డిలో గాని దోషము లేదు. ఒక సంచి రసాయనమును పరీక్షింపకుండ విప్పుటయే దోషము.

గట్టిపాల డబ్బాల కథ ఇంత భయంకరము కాదు గాని చాలకాలము సాగినది. రేకు అంచులను సీసము కలిసిన టంకముతో అతుకుటచే డబ్బాలోని పాలలోనికి కొంత సీసము దిగెడిది. అటువంటి టంకమును అమెరికాలో 1995లో నిషేధించిరి. పాలనుండి చేయు ఇతర పదార్థములలో లోహము పంపకము వింతగా ఉండును. సీసము, రాగి కేసీనును అంటిపెట్టుకొని ఉండును గనుక పన్నీరు, జున్ను వైపు ఎక్కువ పోవును. వెన్న, నెయ్యి వైపు తక్కువ.

మరి దీనిని కొలుచుట ఎట్లు? జపానులో ఆ దుర్ఘటన జరిగిన 1955వ సంవత్సరములోనే, ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ అను శాస్త్రజ్ఞుడు పరమాణువులు కాంతిని పీల్చుకొను గుణమునుబట్టి లోహములను కొలుచు పద్ధతిని ప్రకటించెను. నేటి ప్రయోగశాలలలోని యంత్రములు కోట్లలో ఒక పాలును కూడ పట్టగలవు. కాని ఊరి పాలకేంద్రములో కొలుచునది వెన్న, వెన్న కాని ఘనపదార్థము. రైతుకు ధర కట్టునది వానినిబట్టియే. మురుగునీటి గడ్డి మేపినవానికిని, మంచి గడ్డి మేపినవానికిని వెన్న సమముగా వచ్చినచో ధర సమమే. ఇది నాకు న్యాయముగా తోచదు. 2018లో దేశమంతట 1,103 పట్టణములలో 6,432 పాల నమూనాలు తీసి ఆహార భద్రతా సంస్థవారు పరీక్షించిరి. నూటికి 93 పాళ్లు త్రాగదగినవని తేలుట సంతోషకరమే. అందులో వెదకిన మలినములు బూజువిషము, పశువుల మందుల శేషము, పురుగుమందులు. లోహములు ఆ పట్టికలో లేవు.

ప్రయోగశాల దూరమైనను దొడ్డి దగ్గర గదా. పశువు తిరుగు చోట బ్యాటరీ పెంకు, రంగుడబ్బా, కాలిన నూనె ఉన్నవేమో ఒకసారి కలయజూచి ఏరివేయవచ్చును. ఉప్పు, ఖనిజముల మిశ్రమము రోజూ దాణాలో కొంచెము వేసినచో పశువునకు కనబడినదెల్ల నాకు గుణము తగ్గును. పాత బ్యాటరీని తుక్కువానికి ఇచ్చి వాడు పెరటిలో పగులగొట్టుచుండగా చూచుచు నిలువవలసిన పని లేదు. 2022 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిదే. క్రొత్తది కొనునపుడు పాతది అంగడిలోనే ఇచ్చి, ధరలో తగ్గింపు అడిగి తీసికొనవచ్చును.